నిదానం అనే ఆటగాడు

డ్రైవర్ మళ్లీ ఓడిపోయాడు.

"వీడి చేతులకి మొక్కాలి" అంటూ ఫోన్‌ను మంచం మీదికి విసిరాడు.

ఆన్‌లైన్ పూల్ ఆటలో అవతలివాడి పేరు 'నిదానం'. పేరుకు తగ్గట్టే ఒక్కో బంతికీ తెర మీది గడియారం అయిపోయేదాకా ఆలోచిస్తాడు. చూసేవాళ్లకు ఒళ్లు మండుతుంది. కొట్టాడంటే మాత్రం బంతి పాకెట్‌లో పడాల్సిందే.

మన డ్రైవర్ పేరు అందులో 'గేర్‌బాక్స్'. ఆటంతా బలం మీదే. బంతుల్ని చితక్కొట్టి, ఆఖరికి పడకూడని తెల్ల బంతిని కూడా పాకెట్‌లో పడేసుకుని ఓడిపోతాడు.

"తెల్ల బంతిని కొట్టకు, పంపించు" అని నిదానం నుంచి మెసేజ్ వచ్చింది.

"పాఠాలు తర్వాత బావా. ఇంకో ఆట వేద్దాం."

"ఉండు, మందు వేసుకుని వస్తా."

పట్టపగలే మందు వేసుకునే మనిషి చేతిలోనా నేను ఓడిపోతున్నది అని డ్రైవర్ తల పట్టుకున్నాడు. ఇల్లూ వాకిలీ పట్టని మందుబాబు ఎవడో అని తేల్చేసుకున్నాడు. అప్పటినుంచి చనువు ఇంకాస్త పెరిగింది.

అతనికి ఈ ఆట తప్ప వేరే పని లేదు. ఆమధ్య వానలో అతను నడుపుతున్న బస్సు జారి, రోడ్డు పక్కన ఆగి ఉన్న నీళ్ల ట్యాంకర్‌ను గుద్దింది. కండక్టర్ చెయ్యి విరిగింది. తప్పు డ్రైవర్‌ది కాదని విచారణలో తేలింది. అయినా అతని మనసులో మాత్రం, బ్రేకు మీద కాలుండగానే బండి ఆగకుండా పోతూనే ఉంది. డిపోకు వెళ్లడం, స్టీరింగ్ చూడగానే చెమటలు పట్టి ఇంటికి రావడం.

"సోమవారం బండెక్కకపోతే గేటు దగ్గర కుర్చీ వేయిస్తా. ఇక రిటైరయ్యేదాకా అదే నీ డ్యూటీ" అని డిపో మేనేజర్ చెప్పేశాడు.

ఇంట్లో ఎవరేమన్నా పుండు మీద కారం చల్లినట్టే ఉండేది. భార్య చెప్పి చెప్పి మానేసింది. అత్తగారు ఒకసారి ఏదో అనబోతే, మాట పూర్తి కాకముందే లేచి వెళ్లిపోయాడు. ఆవిడ మళ్లీ నోరెత్తలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పక్క గదిలో ఫోన్‌లో ఏవో సీరియళ్లు చూసుకుంటూ, ఇంట్లో ఉందో లేదో తెలియకుండా ఉండేది.

బస్సు గురించి ఎత్తకుండా అతనితో మాట్లాడే మనిషి లోకంలో నిదానం ఒక్కడే.

ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలవగానే నిదానం అన్నాడు. "బంతి పడటం కాదు గొప్ప. పడ్డాక తెల్లది ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకో."

ఏ కళనున్నాడో, డ్రైవర్ ఆ మాట విన్నాడు. ఆగి, చూసుకుని, ఆడాడు. చివరికి నల్ల బంతి ఒక్కటే మిగిలింది. మూల పాకెట్ ముందే ఉంది. గట్టిగా కొడితే తెల్లది కూడా దాని వెనకే పడిపోతుంది.

వేలిని కొద్దిగా లాగి వదిలాడు.

నల్ల బంతి పడింది. తెల్ల బంతి దొర్లుతూ దొర్లుతూ వెళ్లి పాకెట్ అంచున ఆగిపోయింది.

మొట్టమొదటిసారి నిదానం మీద గెలిచాడు. గంతేయబోయిన వాడికి కళ్లు చెమర్చాయి.

"చూశావా, ఆగింది" అని మెసేజ్.

"బావా, నేను బస్సు డ్రైవర్ని. ఒక రోజు ఆగలేదు."

ఈసారి గడియారం లేకపోయినా నిదానం చాలాసేపు తీసుకున్నాడు.

"ఆగనిది ఒక్కసారి. ఆగినవి ఎన్నో ఎప్పుడైనా లెక్కపెట్టుకున్నావా?"

తాగినా ఎంత తెలివిగా మాట్లాడతాడో అని డ్రైవర్ దండం పెట్టుకున్నాడు. తర్వాత లేచి యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నాడు.

సోమవారం బయలుదేరుతుంటే భార్య అడ్డం వచ్చింది. "అమ్మ మా అక్క వాళ్లింటికి వెళ్తానంటోంది. మీ బస్సులోనేనట."

"అసలే మొదటి ట్రిప్పు, నాకు గుండె దడగా ఉంది. వెనక ఇంకో బండి ఉంది, దాంట్లో రమ్మను."

గుమ్మం అవతల నుంచి అత్తగారు కూతురితో అన్నట్టు అంది. "అల్లుడుగారు ఉండగా వేరే బండెందుకే?"

కాదనలేకపోయాడు.

ఆవిడ సరిగ్గా అతని వెనక సీట్లో కూర్చుంది. సగం దూరంలో వాన పట్టుకుంది. మలుపు తిరగగానే ఎదురుగా తోపుడుబండి.

కాలు బ్రేకు కొట్టబోయింది. కొట్టకు, పంపించు. కాలు మెత్తబడింది. బస్సు ఒద్దికగా వేగం తగ్గించుకుని, తోపుడుబండికి బారెడు దూరంలో ఆగింది. నిద్రపోతున్న వాళ్లు కళ్లు కూడా తెరవలేదు.

డ్రైవర్ అద్దంలోకి చూశాడు. అత్తగారు ముందున్న రాడ్డు కూడా పట్టుకోలేదు. పాపం, ఈవిడకి భయమంటే ఏంటో తెలియదు అనుకున్నాడు.

ఆఖరి స్టాపులో పెద్దల్లుడు స్కూటర్‌తో ఎదురు చూస్తున్నాడు. ఆవిడ దిగి, డ్రైవర్ తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడింది.

"జాగ్రత్తండీ అత్తయ్యా" అన్నాడతను తల తిప్పకుండానే. మనసంతా ఫోన్ మీదే ఉంది. స్కూటర్ వీధి మలుపు తిరిగిపోయింది.

టీ కొట్టు దగ్గర కూర్చుని గబగబా టైపు చేశాడు. "బావా, నడిపాను. నా ప్రాణం నిలబెట్టావు. నువ్వెక్కడున్నా వచ్చి కలుస్తా, ఈసారి మందు నేను పోయిస్తా."

టీ చల్లారింది. చాలాసేపటికి, ఎప్పటిలాగే నిదానంగా, జవాబు వచ్చింది.

"నాది బీపీ మందు. బస్సు ఆగాల్సిన చోటల్లా మెత్తగా ఆగింది, అల్లుడుగారూ."