కన్నతల్లి సాక్ష్యం

విజిల్ మోగింది. బంతి ఇంకా గాల్లోనే ఉంది.

"సర్వీసు చేస్తూ గీత తొక్కింది. పాయింటు టీచర్లకి!" ఎత్తు స్టూలు మీంచి రెఫరీ చెయ్యి చాపింది.

అదే ఆఖరి పాయింటు. వాలీబాల్ కప్పు టీచరమ్మల జట్టుకి వెళ్ళిపోయింది. సర్వీసు చేసిన నర్సుల కెప్టెన్ బంతి కంటే వేగంగా వచ్చి స్టూలు కింద నిలబడింది.

"నేను తొక్కలేదు వదినా!"

అవును, వదినే. రెఫరీ ఆమె అన్నగారి భార్య. పొద్దున రెండు జట్లూ మాకేం అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాయి. అభ్యంతరాలు ఓడిపోయాకే కదా గుర్తొచ్చేది.

"తొక్కావమ్మా. నేను చూశాను."

"అంత దూరం నుంచా? ఆడపడుచుని గెలిపించిందని ఎవరైనా అంటారేమోనని భయపడి ఊదావు. మంచి పేరు నీకు, ఓటమి మాకు!"

ఆ మాట రెఫరీకి సూటిగా తగిలింది. నిజంగా అందుకే ఊదానా అని ఒక్క క్షణం ఆమెకే అనుమానమొచ్చింది.

నిర్వాహకుడు కాగితాల అట్టతో పరుగెత్తుకొచ్చాడు. గీత దగ్గర జెండా పట్టుకోవాల్సిన మనిషి జ్వరమని రాలేదు. "మీది తప్పని తేలితే ఆ పాయింటు మళ్ళీ ఆడిస్తాను. మీరు మాత్రం ఇక మా పోటీల్లో విజిల్ పట్టుకోనక్కర్లేదు," అన్నాడు రెఫరీతో. "దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మా అమ్మ ఉంది," అంది నర్సు.

గీతకి రెండడుగుల దూరంలో, ప్లాస్టిక్ కుర్చీలో, కూతురి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది పెద్దావిడ. పొద్దుట్నుంచీ కూతురి జట్టు కోసం అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

"బాగుంది! కన్నతల్లి ఇంకేం చెబుతుంది?" టీచర్ల కెప్టెన్ నెత్తి కొట్టుకుంది.

పెద్దావిడ లేచింది. కూతుర్ని చూసింది. స్టూలు దిగి తల వంచుకు నిలబడ్డ కోడల్ని చూసింది.

"తొక్కింది," అంది బొంగురు గొంతుతో.

"అమ్మా!"

"తొక్కావే. ఇంకెందుకు పేచీ?"

నర్సు కళ్ళు తుడుచుకుంది.

"అమ్మే చెప్పాక ఇంకేముంది! బూటు అంచు తగిలిందేమోనని నాకూ లోపల పీకుతూనే ఉంది. ఏమీ అనుకోకు వదినా," అంటూ రెఫరీని వాటేసుకుంది. టీచర్ల కెప్టెన్ మంచినీళ్ళ సీసా మూత తీసి మరీ పెద్దావిడ చేతికిచ్చింది.

జనం పలచబడ్డాక కోడలు వచ్చి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు ఆగడం లేదు.

"ఇవాళ నా పరువు నిలబెట్టారు అత్తయ్యా. కడుపున పుట్టిన పిల్లని కూడా చూడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. బతికున్నంత కాలం మర్చిపోను. ఇన్నేళ్ళుగా రెఫరీ పని చేస్తున్నాను, అంత నిష్పక్షపాతం నావల్ల కూడా కాదు."

అత్తగారు అటూ ఇటూ చూసి కోడలి చెవి దగ్గరికి వంగింది.

"ఆఖరి పాయింటు అనగానే గుండె దడ పుట్టి కళ్ళు గట్టిగా మూసేసుకున్నాను తల్లీ. కాలెక్కడుందో, గీతెక్కడుందో! నాకు తెలిసిందల్లా, విజిల్ ఊదింది నువ్వని."