మామిడికాయ పప్పు

“తింటావా, ఈ భోజన కేంద్రం మూసేయమంటావా?” అంటూ గ్రామసేవిక ప్రమీలారాణి నడుం మీద చేతులు పెట్టుకుని జంపక్క ముందు నిలబడింది.

జంపక్క తలెత్తలేదు. విస్తరాకులో అన్నం, అన్నం మీద మామిడికాయ పప్పు. ముసలమ్మ వేళ్లు ఆకు అంచు దాకా వచ్చి వెనక్కి పోయాయి. పక్కన వరసగా కూర్చున్న ముసలివాళ్లదీ అదే తీరు. ఆకలి లేకనా అంటే, కాదు. ఆకలి లేనివాళ్లు అన్నం వంక అట్లా చూడరు.

“ఇప్పుడు ఒల్ల బిడ్డా. పండుగ గానియ్యి, తింటం,” అంది జంపక్క మెల్లగా.

“పండక్కి పాయసం వండిస్తాలే. ముందు ఈ పప్పు తిను.”

“పప్పు వద్దు. ఉత్త అన్నం పెట్టు. ఉప్పేసుకొని తింట.”

“ఉప్పూ అన్నం తినడానికా ఇంత చేసింది? ఈ వయసులో పప్పు తినాలి, పులుపు తినాలి. లేకపోతే నీ మోకాళ్లు ఇక లేవవు,” అని ప్రమీలారాణి తానే గరిటె అందుకుని మరింత పప్పు వడ్డించింది.

ఆమె ఉడుకుమోత్తనంలోనూ న్యాయం లేకపోలేదు. ఈ అడవి పల్లెలో ముసలివాళ్లకు ఒక పూట కడుపు నిండా పెట్టించడానికి ఆమె ఎక్కని గడప లేదు. చింతపండుకు ఆఫీసువాళ్లు చేతులెత్తేస్తే, తల్లాడ వెళ్లి తోట ఉన్న వెంకటనారాయణ గారిని బతిమాలి పచ్చి మామిడికాయలు బస్తాలకు బస్తాలు తెచ్చింది. పప్పులో అవే, చారులో అవే. కాయలు వచ్చిన రోజు నుంచే ఒక్కరూ ముద్ద ముట్టడం లేదు. రుచి అలవాటు లేదు కాబోలు, అలవాటు చేయాలి అనుకుంది ప్రమీలారాణి. మంచి చేసేవాళ్లతో ఇదే తంటా. ఎదుటివాళ్లు చెప్పేది వినేలోపే మంచి చేసేస్తారు.

అంతలో సమితి ఆఫీసు జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు వెంకటరామారావు దిగాడు. ముట్టని విస్తళ్లను చూశాడు, పెంట మీద నిన్నటి అన్నం తింటున్న మేకలను చూశాడు.

“ఏంటమ్మా ఇది?”

“తినడం లేదండీ.”

“ఎందుకని?”

“ఏమోనండీ. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.”

“అయితే ఎత్తేద్దాం. మాకు పెట్టండి, మాకు పెట్టండి అని వేరే ఊళ్లవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు.”

అప్పుడన్నా వద్దండీ అనాల్సింది. ఒక్కరోజు ఆగండి, కనుక్కుంటాను అన్నా సరిపోయేది. కానీ రోషం అడ్డొచ్చింది. “మీ ఇష్టమండీ,” అంది.

ఆయన అక్కడే కాగితం రాసి సంతకం పెట్టాడు. బియ్యం, పప్పు, గుండిగలు జీపులోకి ఎక్కాయి. ముసలివాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచి, ఎవరి గుడిసెకు వాళ్లు పోయారు. జీపు మలుపు తిరిగి అడవిలో కలిసిపోయింది.

జంపక్క మాత్రం గోడకు ఆనించిన గడ్డపలుగు అందుకుని, గంప చంకన పెట్టుకుంది.

“ఈ ఎండలో ఎక్కడికి?” అడిగింది ప్రమీలారాణి.

“అడవిలకు. గడ్డలు తవ్వుకోను.”

“ఆ మోకాళ్లతోనా?”

“కడుపు ఊకోదు గద బిడ్డా.”

ప్రమీలారాణి గంప పట్టుకుని ఆపింది. “ఇంత ఆకలి పెట్టుకుని, పెట్టిన అన్నం ఎందుకు తినలేదే?”

“పండుగ గావాలె అని చెప్పినం గద.”

“ఏం పండగ?”

“మామిడి పండుగ. కొత్త కాయ ముందుగాల దేవతకు వెట్టాలె. ఊరంత కలిసి పండుగ చెయ్యకముందు కాయ నోట్ల వెడితే ఊరికి కీడు. మా తాతల కాడికెల్లి గంతే.”

ప్రమీలారాణి అరుగు మీద కూలబడింది. రోజూ చెబుతూనే ఉన్నారు. ఒక్కరోజు, ఒక్క పూట, ఏం పండగ అని అడిగి ఉంటే. చింతచిగురు వేసి వండించినా సరిపోయేది. చేతిదాకా వచ్చిన కూడు తన నోటితోనే పోగొట్టింది. ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “రేపే ఆఫీసుకు పోతా. కాళ్లావేళ్లా పడైనా అన్నీ వెనక్కి తెస్తా. మీరు ఈలోపల పండగ కానిచ్చేయండి. కాయలు రాలిపోతుంటే ఇంకా ఎందుకు ఆగారు?”

“చేసేటోడు లేడు. పూజారి ఊళ్లె లేడు.”

“ఇంకెవరైనా చేయకూడదా?”

“ఆయన బతికుండంగ ఇంకొకరు చెయ్యొద్దు.”

ప్రమీలారాణికి మళ్లీ ఒళ్లు మండింది. “ఇక్కడ ఇంతమంది ముసలి ప్రాణాలు మాడిపోతుంటే ఊరు విడిచి ఎట్లా పోయాడు ఆ పెద్దమనిషి? ఎక్కడున్నాడో చెప్పు, నేనే పోయి అడుగుతా.”

జంపక్క గంప కింద పెట్టింది. ముఖంలో కోపం లేదు.

“మా ముసలోడే పూజారి. పండుగ చేసినంక వస్తనని ఎంత మొత్తుకున్నా ఇనకుండ, కండ్ల ఆపరేషనని రెక్క వట్టి జీపెక్కిచ్చి ఖమ్మం దవాఖానాకు తోలింది నువ్వే గద బిడ్డా.”