ఎవరి కాఫీలో?

కాకినాడలో ప్రతి వంటింటి యంత్రమూ ఊరి డేటాబేస్‌ని అడిగి కాఫీ కలిపే రోజులవి. విశ్వనాథానికి షుగరు ఉందని తేలింది. "నేనొక్కణ్ణే ఏం పాపం చేశానే?" అంటూ చప్పటి కాఫీ ముట్టనని భీష్మించుకున్నాడు. పొద్దున్నే అతని భార్య హైమావతి యంత్రం తెర మీద డేటాబేస్‌కి ఆదేశం రాసింది: 'కాఫీలో పంచదార సున్నా చెయ్యి.' ఎవరి కాఫీలోనో రాయడం మరిచిపోయి పంపేసింది.

"మూడు లక్షల కాఫీలు మార్చాను," అంది యంత్రం.

హైమావతి బాల్కనీలోకి పరిగెత్తింది. కాసేపటికే వీధిలో ప్రతి బాల్కనీ నుంచీ తిట్లు మొదలయ్యాయి. విశ్వనాథం ముట్టని కాఫీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏమైందే?"

"నా పొరపాటేనండీ. ఊళ్లో ఎవరికీ పంచదార లేదు. ఇప్పుడే సరిచేసేస్తాను."

ఎదురింటాయన మొహం చిట్లించుకుని తాగుతున్నాడు. అది చూస్తూ విశ్వనాథం ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు.

"తొందరేముందే," అన్నాడు, "ముందు నాకింకో గ్లాసు పొయ్యి."