అరువు తిట్లు

ఫోన్‌లో రికార్డర్ నొక్కి, దాన్ని సోఫా దిండు కిందకు తోసి, విమర్శకుడు ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాడు. కాసేపట్లో బావమరిది హాల్లోకి వస్తాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎక్కడెక్కడో ఉన్న స్నేహితులతో వాగుతూ వీడియో గేములాడతాడు. ఆ వాగుడే ఇప్పుడు విమర్శకుడికి జీవనాధారం.

అతను గేముల పత్రికలో కాలమ్ రాస్తాడు. చందా కట్టినవాళ్లకు ఒక కంపెనీ నెలనెలా మూడు గేములు కట్టగా కట్టి ఇస్తుంది. ఆ మూడింటినీ ఆడి బాగోగులు చెప్పడం అతని పని. బాగు అన్న మాట అతని కలం నుంచి ఇంతవరకూ రాలేదు. తిట్ల కోసమే జనం అతన్ని చదువుతారు. తొలి రోజుల్లో ఆడి తిట్టేవాడు. తర్వాత ఆడకుండానే తిట్టాడు. ఈమధ్య తిట్లు కూడా అడుగంటాయి.

"అమ్ముడుపోని సరుకంతా మూటగట్టి మన నెత్తిన రుద్దుతున్నారు. దాన్ని మళ్లీ ఆడటం కూడానా?" అని భార్యతో అంటుంటాడు.

ఇక బావమరిది. ఉద్యోగం వెతుక్కునే మిషతో అక్క ఇంటికి వచ్చి, సోఫాలో సగం ఆక్రమించుకున్నాడు. అక్క వండితే తినడం, బావ చందా కడితే ఆడటం తప్ప వాడికి ఇంకేం చేతకాదని విమర్శకుడి నిశ్చితాభిప్రాయం. అలాంటిది, ఒకరోజు ఆ దండుగమారి నోటి నుంచి ఒక మాట గోడ దాటి వచ్చింది.

"అరగంట నడిస్తే ఒక తలుపు. ఆ తలుపు తీస్తే ఇంకో అరగంట నడక. ఇది గేమా, గవర్నమెంటాఫీసా?"

విమర్శకుడికి కడుపు రగిలిపోయింది. ఇంత పదునైన మాట తనకెందుకు తట్టలేదు? రగులుతున్న కడుపుతోనే ఆ మాటను తీసుకెళ్లి తన కాలమ్‌లో పెట్టేశాడు. పాత పదును మళ్లీ వచ్చిందని పాఠకులు మెచ్చుకున్నారు. ఆ నెల నుంచే దిండు కింద ఫోను చేరింది.

ఈ నెల కట్టలో ఒకటి తుపాకుల గేము, ఒకటి కార్లది, మూడోది క్యారెట్లు పండించేది. మూడూ పైన పటారం, లోన లొటారం అని వాటి అట్టబొమ్మలు చూసే తేల్చేశాడు. సాయంత్రం గదిలో తలుపేసుకుని రికార్డింగ్ విన్నాడు. బావమరిది ఈసారి మరీ మంచి ఊపులో ఉన్నాడు.

"శత్రువు చేతిలో చావక్కర్లేదు, విసుగే చంపేస్తుంది." ఇది తుపాకుల గేముకు పోయింది. "బొమ్మలకు పెట్టిన ఖర్చులో పావు వంతు బుర్రకు పెట్టుంటే బాగుపడేది." ఇది కార్లకు. "దీంట్లో గెలిచినవాడికి బహుమానం ఏంటంటే, ఇంక ఆడక్కర్లేకపోవడం." ఇది క్యారెట్లకు సరిపోయింది. కావలసిన మూడు ముక్కలూ దొరకగానే రికార్డింగ్ ఆపేశాడు. దేన్నీ చివరిదాకా భరించే ఓపిక అతనికి లేదు.

కాలమ్ అచ్చయిన వారానికి ఎడిటర్ రమ్మంది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు, అందుకే ఆఫీసులో అందరికీ భయం.

"ఈ నెల మీ కాలమ్ కాపీ అని ఒక పాఠకురాలు ఫిర్యాదు చేసింది. అదే నిజమైతే కాలమ్ ఆపేయమని యాజమాన్యం చెప్పింది. అయితే ఆవిడ చెప్పేదేంటంటే..."

ఈ కాలమ్ పోతే విమర్శకుడికి ఇంకో పని రాదు. సోఫాలో మిగిలిన సగం తనదవుతుంది. పైగా బావమరిది పక్కన. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, ఆమెను మాట పూర్తి చేయనివ్వలేదు.

"మా బావమరిది పనే మేడమ్" అన్నాడు. "నేను రాసుకున్నవి నా గదిలో దూరి చదివేసి, సొంత తెలివిలా స్నేహితులకు వినిపిస్తున్నాడు. ఆవిడ అక్కడే విని ఉంటుంది."

"ఊరికే అంటే ఎట్లా? రుజువుందా?"

"ఉంది. ఇంటి పరువు బయట వేసుకోవడం ఎందుకని ఊరుకున్నాను."

ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగ్ వినిపించాడు. బావమరిది గొంతు గదంతా నిండింది. ఎడిటర్ పత్రిక తెరిచి, అచ్చయిన వాక్యాల మీద వేలు నడుపుతూ వింది. శత్రువు, బుర్ర, బహుమానం. ఒక్క అక్షరం తేడా లేదు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను" అన్నాడు విమర్శకుడు. అతనికి ధైర్యం వచ్చేసింది. "ఈ సాయంత్రమే పెట్టే బేడా బయట పడేస్తాను. వాళ్లక్క ఏడ్చినా సరే. దొంగసొత్తుతో బతికేవాడికి నా ఇంట్లో చోటు లేదు."

ఫోను ఆపడానికి చెయ్యి చాచాడు.

"ఉండనివ్వండి" అంది ఎడిటర్. "ఫిర్యాదులో ఉన్నదానికీ, మీరు చెప్పేదానికీ పొంతన కుదరడం లేదు. మొత్తం విందాం."

అతను చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఫోన్‌లో బావమరిది పడీ పడీ నవ్వాడు. అవతలి స్నేహితుడెవరో ఏదో అడిగినట్టున్నాడు, నవ్వాపుకుంటూ జవాబు చెప్పాడు.

"ఏ గేము గురించా? ఏదైతే ఏంట్రా, మా బావ ఆరేళ్ల కిందట రాసిన కాలమ్‌లు చదివి వినిపిస్తున్నా, ఏ నెల కట్టకైనా అచ్చంగా అతికిపోతున్నాయి."