పది సీడీలు

“మొదట్నించీ చెప్పమ్మా. మిషను ఆన్ చేసే కాడ్నించి.”

బాలసుబ్రమణ్యం ఆ మాట అనగానే రేవతి మౌస్ మీదనుంచి చేయి తీసేసింది. ఇది ఆరో ఆదివారం. పోయిన వారం అమర్‌నాథ్ పక్కన కూర్చుని ఇదే అడిగాడు. అంతకు ముందు శ్రీకరిని అడిగాడు. అయిదుసార్లు విన్న మనిషికి మళ్ళీ మొదటినుంచీ ఎందుకు?

తిరుపతిలో వకుళాదేవి టైప్ ఇన్‌స్టిట్యూట్ మేడమీది గది అది. ఆదివారం మధ్యాహ్నాలు టైపు మిషన్లను గోడవారకు జరిపి, రేవతి, అమర్‌నాథ్, శ్రీకరి తమ ఇళ్ళనుంచి మోసుకొచ్చిన కంప్యూటర్లు అక్కడ పెట్టేవారు. కంప్యూటర్‌ను నడిపే, ఎవరైనా ఉచితంగా కాపీ చేసుకోగల లినక్స్ వాడకం వచ్చినవాళ్ళకు ఊరికే నేర్పేవారు. రెండువేల మూడులో ఊళ్ళో అలాంటి చోటు ఇంకొకటి వాళ్ళకు తెలియదు. గదికి అద్దె లేదు గానీ, షరతు ఉంది.

“ఒక్కరు ఫిర్యాదు చేస్తా నా మెట్లెక్కినా తాళం వేస్తాను. ఎదురింటి కంప్యూటర్ సెంటరాయన ఈ గది కోసరం కాసుకోనుండాడు,” అని యజమానురాలు వకుళాదేవి మొదటిరోజే చెప్పింది.

మనుషుల ముఖాల వెనక ఇంకో ముఖాన్ని వెతకడం రేవతికి చిన్నప్పటినుంచీ అలవాటు. దాన్ని ఆమె జాగ్రత్త అనుకునేది. బాలసుబ్రమణ్యం ముఖం వెనక ఏముందో మాత్రం అందలేదు. ఆయన నేతగాళ్ళ ఊరైన నగరినుంచి బస్సులో వస్తాడు. మౌస్ ముట్టుకోడు. పక్కవాళ్ళు తడబడితే వాళ్ళనే చూస్తాడు. పొడుగాటి నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటాడు. నాలుగు కొట్టగానే, ఆరింటికల్లా నగరిలో ఉండాలంటూ లేచిపోతాడు.

ఇందాక ఆయన నీళ్ళకని లేచినప్పుడు ఆమె ఆ పేజీ చూసింది. అందులో పాఠం లేదు, పక్క కుర్చీలో నేర్చుకునే జ్ఞానాంబ పేరుంది. “జ్ఞానాంబ: ముట్టుకుంటే చెడిపోతుందని భయపడింది. రేవతి విసుక్కుంది.” అంతే ఉంది. ఆ రెండో వాక్యం ఆమె రెండుసార్లు చదివింది.

“మీ ఇంట్లో ఏ కంప్యూటర్ ఉండాది సార్?” అని అడిగింది.

“నాకు యాడిదమ్మా కంప్యూటరు.”

“పోయిన వారం పది లినక్స్ సీడీలు కాపీ చేయించుకున్నారంట?”

“కావాల్సొచ్చిందిలే.” ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “ఒగటి అడుగుతాను. ఒకసారి వచ్చినోళ్ళు రెండోసారి ఎందుకు రారు? నీకేమనిపిస్తాది?”

రేవతి లేచి, మెట్లమీద టీ తాగుతున్న అమర్‌నాథ్ దగ్గరికి వెళ్ళింది.

“ఆయన ఎదురు సెంటరు మనిషి.”

“ఏంది రేవతీ, పులిహోర పొట్లం కట్టుకోని ఎర్రబస్సులో వస్తాడు పాపం. గూఢచారికి జీపన్నా ఇయ్యరా?”

“నవ్వు. తాళం పడినాక గూడా నవ్వు. కంప్యూటర్ లేనాయనకు పది సీడీలు ఎందుకు? మన తప్పులెందుకు రాసుకుంటాడు?”

“పోయి అడగరాదా?”

“అడిగితే చెప్తాడా?” ఆమె అప్పటికే ఒక దారి ఆలోచించి పెట్టుకుంది. తప్పు చెప్పాలి. తెలిసినవాడైతే కన్ను ఒక్క క్షణమైనా ఆగుతుంది. తెలియనివాడైతే రాసుకుంటాడు.

తిరిగొచ్చేసరికి బాలసుబ్రమణ్యం కొత్త పేజీ తీసి కూర్చున్నాడు. “ఇన్నాళ్ళూ వాడేది చెప్పినారు. ఈపొద్దు కంప్యూటర్లో లినక్స్ ఎక్కించేది చెప్పమ్మా.”

ఆయనే దారి ఇచ్చాడు. తెరమీద రెండు వరసలు వచ్చాయి. మొదటిది నొక్కితే కంప్యూటర్‌లో దాచుకున్నదంతా తుడిచిపెట్టి కొత్తది ఎక్కుతుంది. రెండోది నొక్కితే పాతది పాతదిగానే ఉండి, ఖాళీ చోట కొత్తది ఎక్కుతుంది. మొదటిది నొక్కొద్దని కొత్తవాళ్ళకు మూడేసి సార్లు చెబుతారు, ఎందుకంటే పోయినవి తిరిగి రావు.

రేవతి మొదటి వరస చూపించింది. “ఇది నొక్కాల సార్.”

“ముందుండేవి పోవు కదమ్మా? బొమ్మలు, చీర అంచు డిజైన్లు, అట్లాంటివి?”

“పోవు.”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. కంప్యూటరే లేని మనిషికి ఏం పోతుంది?

ఆయన తెరను కాదు, ఆమెను చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. ఆమెకు కావలసిన రుజువు ఆ చూపులో దొరికింది. తర్వాత ఆయన తల వంచి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, కింద గీత గీశాడు.

“నువ్వు చెప్పినావంటే ఇంకొకరిని అడిగే పన్లేదు,” అని లేచాడు. గోడ గడియారం నాలుగు కొట్టింది.

తరువాతి ఆదివారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. రేవతికి ఆరు వారాల తర్వాత భుజాలు తేలికపడ్డాయి.

“సూసినావా అమర్? దొరికిపోయినానని తెలుసుకున్నాడు.”

అమర్‌నాథ్ ఈసారి హాస్యమాడలేదు.

మూడింటికి ఎవరో అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఆమె ముఖం కంటే ముందు చేతిలోని పొడుగాటి నోట్‌బుక్కును రేవతి గుర్తుపట్టింది.

“రేవతక్క మీరేనా? బాలసుబ్రమణ్యం కూతుర్ని నేను. నాయన ఒక్కటి అడిగి రమ్మన్నాడు.”

“ఆయన రాలేదేం?”

“వారంగా ఇల్లు కదల్లేదక్కా.” నోట్‌బుక్కు తెరిచి, గీత గీసిన వాక్యం మీద వేలు పెట్టింది. “ఇది మీరు చెప్పిందేనా? తనే తప్పు రాసుకున్నానంటాడు. మీరు అట్ల చెప్పరంట.”

తప్పు ఆయన మీదికి జరిగిపోవడానికి ఒక్క మాట చాలు. అది రేవతి నాలుక చివరిదాకా వచ్చింది.

“నేను చెప్పిందే,” అంది చివరికి. “కానీ మీకు కంప్యూటర్ లేదన్నారు గదా.”

“మాకు లేదక్కా.” ఆ అమ్మాయి నోట్‌బుక్కు మూసింది. “మా వీధరుగు మీద నాయన దగ్గర నేర్చుకునే పదిమందీ వాళ్ళిండ్లలో కంప్యూటర్లకు ఆ సీడీలేసి ఇట్లే చేసినారు.”