బునాడ్ పోలీసు

ఆ ముసలావిడ రోడ్డు దాటి నేరుగా తమవైపే రావడం చూసి ఎర్లెండ్ కంగారుపడ్డాడు.

మే పదిహేడు, నార్వే జాతీయ దినం. ఊరేగింపుకు ఇంకా పది నిమిషాలుంది. బడి ముందు ఊరు ఊరంతా బునాడ్‌లు, అంటే ఆ ప్రాంతపు సంప్రదాయ దుస్తులు, వేసుకుని నిలబడింది. మగపిల్లలకు మోకాళ్ళదాకా పంట్లాం, ఆడపిల్లలకు నల్ల పావడా, తెల్ల ఏప్రన్. తాతల నాటి నుంచీ అంతే.

ఎర్లెండ్ కొడుకు సిండ్రె మాత్రం పావడా వేసుకున్నాడు.

వాడికి ఆరేళ్ళు. చలికాలంలో అమ్మ చిన్నప్పటి బునాడ్‌ను పెట్టెలో చూసినప్పటి నుంచీ అది వేసుకుంటానని ఒకటే పాట. వాళ్ళమ్మ ఇంగున్ వెంటనే సరేనంది. సరేననడానికి ఎర్లెండ్‌కు రెండు నెలలు పట్టింది. అయినా ధైర్యం చాలక, ఎవరైనా ఒక్క మాటంటే మార్చేద్దామని పంట్లాం కూడా సంచిలో పెట్టుకొచ్చాడు. ఇంగున్ బ్యాండులో క్లారినెట్ వాయించాలని పొద్దున్నే వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాటా రానే వచ్చింది.

"ఏంటి ఎర్లెండ్, నీకు కూతురెప్పుడు పుట్టింది? చెప్పనేలేదే," అన్నాడు పక్కింటి రూవార్, పళ్ళికిలిస్తూ.

చుట్టూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. సిండ్రె నాన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నాన్నా, నన్నేనా?"

"నిన్ను కాదులే," అంటూనే ఎర్లెండ్ సంచిలో చెయ్యి పెట్టాడు. "పద, ఒకసారి లోపలికెళ్ళొద్దాం."

"ఎందుకు?"

ఈలోగా రోడ్డు దాటి ఆ ముసలావిడ రానే వచ్చింది.

పేరు బోర్గిల్. ఊళ్ళో అందరూ బునాడ్ పోలీసు అంటారు. కుట్టు తప్పినా, మేజోళ్ళ రంగు మారినా సరే, నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేస్తుంది. ఎర్లెండ్ వాళ్ళు ఈ ఊరొచ్చి ఏడాది కూడా కాలేదు. ఆవిడ గురించి వినడమే గాని మాట్లాడింది లేదు.

సోడాబుడ్డి కళ్ళద్దాలు సర్దుకుని, సిండ్రెను నెత్తి నుంచి పాదాల దాకా చూసింది.

"ఎవరయ్యా ఇది కట్టింది?"

"నేనేనండీ."

"మీదే ఊరు?"

"ఓస్లో అండీ."

"అనుకున్నాను," అంది. "ఏప్రన్ తాడు బెల్టు మీద నుంచి కడతారా ఎవరైనా? వెండి పిన్ను ఉండాల్సింది గొంతు దగ్గర. బొడ్డు దగ్గర పెట్టావు."

అని ఆ తడి నేల మీదే మోకాళ్ళ మీద కూర్చుంది. తాడూ, పిన్నూ అన్నీ విప్పింది. మళ్ళీ మొదటి నుంచీ కట్టింది.

"తల ఎత్తు బంగారూ. గుచ్చుకుంటోందా?"

"ఊహూఁ."

"ఎవరైనా ఏమైనా అంటే, బోర్గిల్ చూసి సరే అందని చెప్పు."

ఎర్లెండ్ చెయ్యందిస్తే పట్టుకుని లేచింది. చెయ్యి వదలకుండానే రెండో చేతిలో సంచి చూసింది. పంట్లాం అంచు బయటికి వేలాడుతోంది.

"అది ఇటివ్వు. ఊరేగింపులో జెండా పట్టుకోవాలి గాని సంచులెందుకు? రేపొచ్చి మా గుమ్మం దగ్గర తీసుకుపో."

తర్వాత రూవార్ వైపు తిరిగింది.

"నీ ఎడమ మేజోడు జారింది. ముందు అది చూసుకో."

రూవార్ వంగి మేజోడు లాక్కున్నాడు. మరి ఆ పూట ఊళ్ళో ఎవరూ నోరెత్తలేదు. సిండ్రె జెండా ఊపుకుంటూ, అమ్మ బ్యాండు వెనకాలే, గొంతు పోయేదాకా జేజేలు కొట్టుకుంటూ నడిచాడు.

ఆ రాత్రి ఎర్లెండ్ ఇంగున్‌తో అన్నాడు: "పాపం, ఆవిడకు చూపు ఆనదు. వీణ్ణి ఆడపిల్లనుకుంది. మన అదృష్టం."

మర్నాడు పొద్దున సంచి తెచ్చుకోవడానికి వెళ్తే, అది గుమ్మానికి తగిలించి ఉంది. లోపల ఆవిడ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నట్టు వినిపించి, తలుపు కొట్టకుండా వచ్చేశాడు. ఓ రోజు వెళ్ళి కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాడు. అనుకుంటూనే వేసవి పోయింది, చలికాలమూ పోయింది.

మార్చిలో బోర్గిల్ పోయింది.

అంత్యక్రియలయ్యాక చర్చి పక్క హాల్లో అందరికీ కాఫీ ఇచ్చారు. ఆవిడ గురించి చెప్పాలనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి మాట్లాడుతున్నారు. ఎర్లెండ్ కూడా లేచాడు. జరిగిందంతా చెప్పాడు.

"ఆవిడకు సరిగ్గా కనిపించకపోవడం వల్ల ఆ రోజు మా వాడు తలెత్తుకుని నడిచాడు. అంతకన్నా పెద్ద మేలు మాకెవరూ చెయ్యలేదు. బతికుండగా ఒక్కసారైనా చెప్పలేకపోయాను. అందుకు సిగ్గుపడుతున్నాను."

హాలంతా నవ్వింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

కాసేపటికి యాభై అయిదు దాటిన ఒకాయన కాఫీ కప్పుతో దగ్గరికొచ్చాడు.

"నేను స్టైనార్‌ని. బోర్గిల్ కొడుకుని. మీకు కృతజ్ఞతలు చెప్పాలి."

"నాకా? ఎందుకండీ?"

"పోయిన మే నుంచీ నెలనెలా అమ్మ దగ్గరికొచ్చి వెళ్ళాను. చివరి పది నెలలైనా మాకు దక్కాయి. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఆ ఇంటి గడప తొక్కలేదు."

ఎర్లెండ్‌కు అర్థం కాలేదు.

"అమ్మ చూపుకేమీ లోటు లేదండీ. ఆ కళ్ళద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం తనే ఎక్కించుకునేది," అన్నాడు స్టైనార్. "నాకు ఆరేళ్ళప్పుడు అక్క పావడా వేసుకుని ఇదే ఊరేగింపుకు బయల్దేరాను. అమ్మ వాకిట్లోనే అందరి ముందూ విప్పించింది. పోయినేడు మే పద్దెనిమిది పొద్దున ఫోన్ చేసింది. జీవితంలో మొదటిసారి నా దగ్గర ఏడ్చింది. 'ఆ రోజు నీకు చెయ్యాల్సిన పని నిన్న ఇంకో తల్లి కన్న కొడుక్కి చేశానురా, ఇప్పుడైనా క్షమించి ఇంటికి రా,' అంది."