తెలిసిన మనిషి

"మీరు మీరేనని చెప్పడానికి ఒక తెలిసిన మనిషి కావాలి" అన్నాడు నోటరీ.

లెక్కల మేష్టారి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

సర్టిఫికెట్లో ఒక ఇంటిపేరు, గుర్తింపు కార్డులో ఇంకో ఇంటిపేరు. రెండూ తనవేనని నోటరీ ముద్ర పడిన కాగితం సాయంత్రంలోగా ఇవ్వకపోతే, కొత్త స్కూల్లో ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. సాక్షిగా వస్తానన్న పాత స్కూలు స్నేహితుడు ఫోనెత్తడం లేదు. "నీకేం భయం, నేనున్నాగా" అన్న పెద్దమనిషి వాడే!

ఫోన్లో పేర్లన్నీ పైకీ కిందికీ తిప్పాడు. పిలిస్తే వచ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"నేను పెడతానండీ సంతకం" అన్నారెవరో.

బెంచీ మీద ఒక ముసలాయన. ఒళ్ళో ఎర్ర పిడుల గుడ్డసంచి.

నోటరీ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఈయన మీకెలా తెలుసు?"

"మాది ఎదురిల్లే. పొద్దున తాళం వేసి, నాలుగడుగులు పోయి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకుంటారు. రాత్రి లైటు ఆర్పకుండా పడుకుంటారు. మొన్న వానల్లో జ్వరమొచ్చి బయటికే రాలేదు."

అబ్బ, ఎంత నున్నగా అబద్ధమాడుతున్నాడు! తాళం ఎవరు లాగిచూడరు? వానల్లో జ్వరం ఎవరికి రాదు? ఎదురింట్లో ఎవరుంటారో నాకే తెలీదు, ఈయనకి నా సంగతెలా తెలుసు? అనుకున్నాడు మేష్టారు. అయినా నోరు మెదపలేదు. అవసరం అతనిది.

ముద్ర పడింది.

బయటికి రాగానే ముసలాయన వెనకే వచ్చాడు.

"బాబూ, నాకూ ఒక సంతకం కావాలి. రెండ్రోజులు నేను తలుపు తీయకపోతే పగలగొట్టి చూడమని ఇంటి ఓనరుకి రాసిస్తున్నా. దానికీ తెలిసిన మనిషి కావాలంటున్నారు."

"ముక్కూ మొహం తెలీనివాళ్ళకి నేను సంతకాలు పెట్టనండీ. అది మీకు అలవాటేమో!"

ముసలాయన సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"సర్లే బాబూ. మీకు ఆలస్యమవుతుంది, వెళ్ళండి."

ఉద్యోగం దక్కింది.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం మేష్టారు ఇంటికొచ్చేసరికి ఎదురింటి ముందు జనం. వడ్రంగి తలుపు సందులో ఉలి పెట్టి పెకలిస్తున్నాడు. పక్కన ఓనరు చేతులు పిసుక్కుంటున్నాడు.

"ఎంత పిలిచినా పలకడం లేదు మేష్టారూ. కాగితం లేకుండా పగలగొడితే నా పీకకి చుట్టుకుంటుందని ఇన్ని రోజులూ ఆగాను. ఆయన్ని మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"ఆయనెవరో నాకు తెలీదండీ" అన్నాడు మేష్టారు.

గడియ ఊడి తలుపు తెరుచుకుంది. లోపల గోడ మేకుకి, ఎర్ర పిడుల గుడ్డసంచి వేలాడుతోంది.